పెద్దవాళ్ళ మనసు బాగోలేనప్పుడు సంఘం ఏం చెయ్యాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, మా చర్చి సంఘంలో గురువారం గురువారం పెద్దవాళ్ళ ఇళ్ళకి పరామర్శకి వెళ్ళే జట్టులో చేరాను. మాది కృష్ణా డెల్టాలో చిన్న ఊరు. ఇక్కడ ప్రతి మూడో ఇంట్లో పిల్లలు హైదరాబాద్‌లోనో, కువైట్‌లోనో, టెక్సాస్‌లోనో ఉంటారు, ఇంటి దగ్గర మామ్మో తాతో, లేదా ఇద్దరూ. వాళ్ళ గురించి పిల్లలూ, స్త్రీల సమాజం వాళ్ళూ, కొత్తగా వచ్చిన పాస్టర్లూ మళ్ళీ మళ్ళీ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## గుర్తుపట్టే దశ

మామ్మ పొద్దస్తమానం ఒళ్ళు నొప్పులంటోంది, టెస్టులన్నీ నార్మల్. ఇది మనసుకి సంబంధించిందా?

అయ్యుండొచ్చు. మన పెద్దవాళ్ళు "నాకు దిగులుగా ఉంది" అని నోరు తెరిచి చెప్పరు. గుండెల్లో దడ అంటారు, కడుపులో మంట అంటారు, ఒళ్ళంతా లాగేస్తోంది, తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, అన్నం సయించట్లేదు అంటారు. ఇలా రెండు వారాలకి పైగా సాగుతూ, దానితో పాటు ఇదివరకు ఇష్టంగా చేసే పనులు కూడా మానేస్తే డిప్రెషన్ అని అనుమానించాలి. తలకి నూనె రాసుకోదు, కనకాంబరాలకి నీళ్ళు పొయ్యదు, మనవడు ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతాలే" అంటుంది.

కానీ "టెస్టులన్నీ" అంటే ఏవేవి చేయించారో అడగండి. థైరాయిడ్, బి12, సోడియం, షుగర్, హిమోగ్లోబిన్, ఇవన్నీ చూశారా? వీటిలో ఏది తేడా వచ్చినా మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. నర్సుని అయ్యుండీ నేనే ఒకసారి పొరబడ్డాను. ఒకావిడ నీరసంగా, ఎవరితోనూ పలక్కుండా ఉంటే, భర్త పోయిన దుఃఖం కదా అని మూడు వారాలు కీర్తనలు పాడి వచ్చాం. నాలుగో వారం కళ్ళు తిరిగి పడిపోయింది. చూస్తే బీపీ మాత్ర వల్ల సోడియం దారుణంగా పడిపోయి ఉంది. ఆవిడ కోలుకుంది గానీ, నాకు ఇప్పటికీ సిగ్గే.

నాన్న చర్చికి రావడం మానేశాడు. విశ్వాసం తగ్గిందంటారా?

ముందు మెట్లు లెక్కపెట్టండి. మా మందిరానికి తొమ్మిది మెట్లు, పట్టుకోవడానికి మొన్నమొన్నటిదాకా కమ్మీ లేదు. సంఘ పెద్దగా పాతికేళ్ళు చేసిన ఒకాయన హఠాత్తుగా మానేస్తే అందరూ తలో మాటా అన్నారు. పక్కన కూర్చుని కదిలిస్తే అసలు సంగతి చెప్పాడు. ప్రోస్టేటు వల్ల అరగంటకోసారి లేవాలి, ముందు బెంచీలోంచి లేచి అందరి మధ్యా నడిచి వెళ్ళలేక మానేశాడట. తలుపు పక్కన కుర్చీ వేశాం, మరుసటి ఆదివారమే వచ్చాడు. వినపడకపోవడం, శుక్లాలు, చెవులు చిల్లులు పడే సౌండు బాక్సులు, ఇవన్నీ కారణాలే. మనుషుల్లోకి రావడం మానేస్తే నిజంగానే దిగులు ముదురుతుంది. కాబట్టి "ఏం బ్రదర్, దేవుణ్ణి మర్చిపోయారా" లాంటి ఎత్తిపొడుపులు మాత్రం వద్దు.

రెండు రోజుల్లో మనిషే మారిపోయాడు, ఎవరెవరో కనిపిస్తున్నారంటున్నాడు. దెయ్యమేమోనని భయంగా ఉంది.

ఈ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు. పెద్దవయసులో గంటల్లో, రోజుల్లో ఇలా తికమక మొదలైతే దాన్ని డెలీరియం అంటారు. చాలాసార్లు కారణం ఒంట్లోనే ఉంటుంది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర. రాత్రిళ్ళు ఎక్కువవుతుంది, పగలు కాస్త బాగున్నట్టు కనిపిస్తుంది, దాంతో ఇంట్లోవాళ్ళు ఆగిపోతారు. మతిమరుపు జబ్బు అయితే నెలలూ ఏళ్ళూ పడుతుంది, రెండు రోజుల్లో రాదు. ప్రార్థన ఆటోలో కూర్చుని చెయ్యండి.

## పరామర్శకి వెళ్ళేటప్పుడు

మాకు కౌన్సెలింగ్ రాదు. వెళ్ళి ఏం మాట్లాడాలి?

తక్కువ మాట్లాడండి. బైబిల్లో, కష్టాల్లో ఉన్న యోబు స్నేహితులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే గొడవంతా.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది, కొంతమంది పాస్టర్లకి నచ్చకపోయినా చెప్తాను: ప్రార్థన చివర్లో పెట్టండి. మన ఇళ్ళల్లో ప్రార్థన అయిపోయిందంటే సందర్శన అయిపోయినట్టే, టీ తాగి లేవడమే. ఒక గురువారం నలుగురం ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాం. ఆవిడ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "ఎలా ఉన్నారు మామ్మగారూ" అంటే "ఏం ఉండటంలే అమ్మా" అంది. ఆ మాట పట్టుకుని ఏమైందని అడగాల్సింది పోయి, మాలో ఒకబ్బాయి వెంటనే "ప్రార్థన చేసుకుందాం" అని కళ్ళు మూసేశాడు. ఆవిడా కొంగు తల మీదికి లాక్కుంది. చెప్పాలనుకున్నది అక్కడే మింగేసింది. మరుసటి వారం నేనొక్కదాన్నే వెళ్ళి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను. నలభై నిమిషాలు కూరగాయల రేట్లూ, మోకాళ్ళ నొప్పులూ. బుట్ట సగం ఖాళీ అయ్యాక, చేతుల్లోని కాయల్ని చూస్తూనే, చిన్నకొడుకు స్థలం రాయించుకున్న దగ్గర్నుంచీ ఫోన్ చెయ్యడం మానేశాడని చెప్పింది. అప్పుడు ప్రార్థన చేస్తే దానిలో ఆ కొడుకు పేరు ఉంది.

ఎంతమంది వెళ్ళాలి, ఎంతసేపు ఉండాలి?

ఇద్దరు చాలు, ఒంటరి ఆడమనిషి ఇంటికైతే కచ్చితంగా ఒక ఆడమనిషి ఉండాలి. అరగంట, ముప్పావుగంట. వారానికో కొత్త ముఖం కాకుండా ఆ ఇద్దరే వెళ్తూ ఉండాలి. వస్తామని చెప్పి ఎగ్గొట్టడం కన్నా అసలు చెప్పకపోవడం నయం, ఎందుకంటే వాళ్ళు పొద్దున్నుంచే చీర మార్చుకుని గుమ్మంలో కూర్చుంటారు.

ఆయనకి సరిగా వినపడదు. అరిచి ప్రార్థించాలా?

అరవకండి, అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుంది. టీవీ కట్టేసి, ఎదురుగా, మీ ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, నిదానంగా చెప్పండి. వాక్యం పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి చేతికివ్వండి. ఒకాయన అలాంటి కాగితాలు దిండు కింద పెట్టుకున్నాడు.

ఆవిడ మాతో చెప్పుకున్నది అయ్యగారికో (పాస్టర్ గారికో), ఇంట్లోవాళ్ళకో చెప్పొచ్చా?

ఆవిణ్ణి అడిగి చెప్పండి. మన దగ్గర రహస్యాలు బయటికి పొక్కేది ఎక్కువగా ప్రార్థన మనవుల రూపంలోనే. "ఫలానా సిస్టర్ గారి కోడలి మనసు మారాలని ప్రార్థించండి" అని మైకులో చెప్పేస్తే, ఆ సాయంత్రానికి కోడలికి తెలుస్తుంది, రాత్రికి ఆవిడకి అన్నం ఉండదు. కథోలికుల్లో పాపసంకీర్తనం, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడం, విన్న గురువు దాన్ని ఏ కారణం చేతా బయట పెట్టకూడదని నియమం, మన ప్రొటెస్టెంటు సంఘాల్లో చాలావాటిలో అలాంటి కట్టుబాటు రాసి ఉండదు కాబట్టి మనమే పెట్టుకోవాలి. ప్రాణాపాయం ఉన్నా, కొడుతున్నా, తిండి పెట్టకపోయినా మాత్రం దాచకూడదు. "ఇది నేను ఒకరికి చెప్పక తప్పదు మామ్మగారూ" అని ఆవిడ ముందే అని, అప్పుడు చెప్పండి.

## మందులూ ప్రార్థనా

డిప్రెషన్‌కి మందు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా?

బీపీ మాత్ర వేసుకుంటూ ఈ ప్రశ్న అడిగేవాళ్ళే ఎక్కువ. బైబిల్లో ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునన్నప్పుడు దూత వచ్చి ముందు చీవాట్లు పెట్టలేదు, వాక్యం కూడా చెప్పలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. ఈ మందులు పనిచెయ్యడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, పెద్దవాళ్ళలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. మొదటి పది రోజుల్లో కాస్త వికారం, కడుపులో తేడా ఉండి, ఫలితం మాత్రం కనపడదు, సరిగ్గా అప్పుడే ఎవరో వచ్చి "మందులు మానెయ్యండి, ప్రభువు చూసుకుంటాడు" అంటారు. మానాలన్నా తగ్గించాలన్నా డాక్టరుని అడిగే చెయ్యాలి.

ఆ మాత్రలు అలవాటైపోతాయంట కదా?

రెండు రకాల మందుల్ని కలిపేయడం వల్ల వచ్చిన భయం ఇది. డిప్రెషన్ తగ్గించే మందులు మత్తులా అలవాటు కావు, కాకపోతే ఉన్నట్టుండి ఆపకూడదు. అలవాటయ్యేవి అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలు, ఎప్పుడో ఎవరో రాసిన పాత చీటీతో మెడికల్ షాపులో తెచ్చుకుని ఏళ్ళ తరబడి మింగేవి. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూమ్‌కి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడంలో వీటి పాత్ర చాలా ఉంది, మతిమరుపూ పెంచుతాయి. అలా అని ఇవాళే లాక్కుని పారెయ్యకండి, వీటిని కూడా డాక్టరు దగ్గర కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

సైకియాట్రిస్టు దగ్గరికి రమ్మంటే "నేనేమన్నా పిచ్చిదాన్నా" అంటోంది.

మానసిక ఆసుపత్రులున్న ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్న పేర్లనే తిట్లుగా వాడే సమాజం మనది, ఆవిణ్ణి అని ఏం లాభం. మామూలుగా చూపించుకునే జనరల్ డాక్టరుతో మొదలుపెట్టండి, నిద్ర గురించి, ఆకలి గురించి అడగమనండి. అబద్ధం చెప్పి తీసుకెళ్ళొద్దు, గదిలోకి వెళ్ళాక తెలిస్తే ఇక మిమ్మల్ని దేనికీ నమ్మదు. ఇంట్లోంచే మాట్లాడాలంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పాస్టర్ గారు ఒక్క మాట చెప్తే మాత్రం పని సులువు. మా అయ్యగారు ఒకాయన్ని తన బండి మీదే ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఓపీ లైనులో ఆయన పక్కనే గంటన్నర కూర్చున్నారు. ఆ తర్వాత సంఘంలో నలుగురు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. ఆసుపత్రుల్లో ఇది కొత్తేం కాదు. మనవాళ్ళు రైలెక్కి వెళ్ళే వేలూరు సీఎంసీలో వైద్యంతో పాటు రోగుల దగ్గర కూర్చుని మాట్లాడే చాప్లిన్సీ విభాగమే ఉంది.

అమ్మని ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టొచ్చా?

షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే వద్దు. ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటిది వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరుగుతాయి, దాన్ని "ఆత్మ దిగింది" అనుకున్నవాళ్ళని చూశాను. అసలే నాలుగు ముద్దలు తినని మనిషికి ఉపవాసం ఎందుకు? కూటానికి రానివ్వండి, మధ్యలో ఇడ్లీ పెట్టండి.

ప్రార్థన మందిరంలో నెల రోజులు వదిలిపెట్టమంటున్నారు, అక్కడ కట్టేస్తారట.

కట్టేసే చోటుకి పంపొద్దు, ఏ మతం వాళ్ళదైనా సరే. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఎర్వాడిలో ఇలాంటి ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉండటం వల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం జబ్బు మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదు. మంచి ప్రార్థన మందిరమైతే మందులు ఆపమనదు, ఇంట్లోవాళ్ళని తోడు ఉండనిస్తుంది. ఈ రెండూ అడిగి చూడండి, జవాబు నసిగితే వెనక్కి వచ్చెయ్యండి.

## బరువైన రోజులు

"ప్రభువా నన్ను త్వరగా పిలుచుకో" అని రోజూ అంటోంది. భయపడాలా?

మన పెద్దవాళ్ళలో ఈ మాట అనని వాళ్ళు అరుదు. అందుకే దీన్ని కొట్టిపారెయ్యడమూ సులువే, కంగారు పడటమూ సులువే. నేను చూసేది ఆ మాట అన్నాక ఏం చేస్తుందని. "పిలుచుకో ప్రభువా" అని నిట్టూర్చి, లేచి వెళ్ళి మునగాకు పప్పు తాలింపు పెట్టుకుని, మనవరాలి పెళ్ళి ఎప్పుడని అడిగితే అది ప్రయాణానికి సిద్ధంగా ఉన్న మనిషి మాట. అదే, తిండి తగ్గించి, మాత్రలు మానేసి, గొలుసూ గాజులూ పంచేస్తూ, "నా వల్ల అందరికీ భారం" అంటుంటే వేరు. "భారం" అన్న మాట వినగానే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

అప్పుడు నేరుగానే అడగండి: "మామ్మగారూ, ప్రాణం తీసుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన కల్పించినట్టు అవుతుందేమోనని చాలామంది భయం. అవదు. అడిగినందుకు ఏడ్చి, తేలికపడిన వాళ్ళే ఎక్కువ. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులూ మాత్రల డబ్బాలూ ఇంట్లోంచి తీయించండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. "అది పాపం, నరకానికి పోతావు" అనొద్దు. ఆవిడకి అది తెలియక కాదు, ఆ మాటతో తన ఆలోచన మీ దగ్గర దాచడం మొదలుపెడుతుంది.

తాతయ్య ఆత్మహత్యాయత్నం చేసి బతికాడు. కేసవుతుందా? సంఘంలో ఏమంటారో?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆసుపత్రివాళ్ళు పోలీసులకి కబురు పంపితే బెదిరిపోకండి, అది పద్ధతి. సంఘం విషయానికొస్తే, గుండెపోటు వచ్చినవాళ్ళ ఇంటికి ఎలా వెళ్తారో అలాగే వెళ్ళాలి, హార్లిక్స్ సీసా పట్టుకుని. ఎందుకు చేశావని అడగొద్దు. డిశ్చార్జి అయిన మొదటి కొన్ని వారాలే ఎక్కువ ప్రమాదం, రాకపోకలు అప్పుడు పెంచాలి.

నాన్న పోయి ఏడాదైంది, అమ్మ ఇంకా ఏడుస్తోంది. ఇది మామూలేనా?

ఏడవడం మామూలే. ఏడాది దాటినా ఇంట్లో పనులేవీ చేసుకోలేక, మనుషుల్ని కలవక, రోజంతా అదే ధ్యాసలో ఉంటే వైద్యం అవసరం. మన సంఘాల్లో భూస్థాపనకి ఊరంతా వస్తారు, ఆదరణ కూడికకి భోజనాలు పెట్టుకుంటారు, ఆ తర్వాత తలుపు తట్టేవాళ్ళు ఉండరు. క్యాలెండరులో పెళ్ళిరోజు, ఆయన పోయిన తేదీ, క్రిస్మస్, సమాధుల పండుగ గుర్తు పెట్టుకుని ఆ రోజుల్లో వెళ్ళండి. ఆయన పేరు ఎత్తడానికి జంకొద్దు, ఆవిడకి కావలసింది ఆ పేరు ఎవరైనా పలకడమే.

అమ్మకి మతిమరుపు జబ్బు, నన్నే గుర్తుపట్టదు. ప్రభుభోజనం ఇప్పించడం వల్ల ఉపయోగం ఏముంది?

ఇంటికి తెచ్చి ఇవ్వమని అయ్యగారిని అడగండి. మతిమరుపులో కొత్త సంగతులు ముందు పోతాయి, చిన్నప్పుడు నోటికి వచ్చినవి చాలాకాలం నిలుస్తాయి. మా ఊళ్ళో ఒకావిడ కూతుర్ని పట్టుకుని "నువ్వు ఎవరి పిల్లవే" అంటుంది, పాత కీర్తన మొదటి చరణం అందుకుంటే మూడో చరణం దాకా తప్పులేకుండా పాడుతుంది, వేళ్ళతో మంచం కోడు మీద తాళం వేస్తూ. కొత్త పాటలు వద్దు. తప్పుగా చెప్పినా సరిదిద్దొద్దు. మింగడం కష్టంగా ఉంటే రొట్టె చాలా చిన్న ముక్క, కూర్చోబెట్టి ఇవ్వాలి. కథోలికులైతే రోగులకి నూనె రాసే సంస్కారం అడగొచ్చు, పెద్దవాళ్ళు దాన్ని అవస్థ అభ్యంగనం అంటారు, అది ఆఖరి ఘడియకే అన్న భయం పాతది.

## ఇల్లు, డబ్బు, ఇరుగుపొరుగు

నాన్న పెన్షన్ డబ్బులు టీవీలో వచ్చే సేవకులకి పంపేస్తున్నాడు.

ఏపీలో ఒకటో తారీఖున నాలుగు వేలు చేతికొస్తే, పదో తారీఖుకి బీపీ మాత్రలకి లేవు అన్న ఇళ్ళు నాకు తెలుసు. పోట్లాడితే దాచి పంపుతారు. రోజుకి ఎనిమిది గంటలు ఆ ఛానలే ఎందుకు చూస్తున్నాడో ఆలోచించండి: ఆ మనిషి రోజూ అదే టైముకి వచ్చి, "నా ప్రియమైన తండ్రీ" అని పిలుస్తున్నాడు, ఇంట్లో ఎవరూ అలా పిలవట్లేదు. ఎవరైనా రోజూ ఫోన్ చేస్తే ఛానలు టైము దానంతట తగ్గుతుంది. డబ్బు గురించి స్థానిక పాస్టర్ గారితో చెప్పించండి, మందులూ తిండీ అయ్యాకే కానుక అని. ఉన్నట్టుండి విచ్చలవిడిగా ఇచ్చేస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి, అది జబ్బు లక్షణం కూడా కావచ్చు.

కొడుకు అన్నం పెట్టట్లేదు. చెప్పుకుంటే "ఓర్చుకోండమ్మా, సిలువ మొయ్యాలి" అన్నారు.

ఆకలికి అది జవాబు కాదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం ఉన్న 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లల నుంచి పోషణ కోరుతూ ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, లాయరు అక్కర్లేదు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాత రద్దు చెయ్యమని కూడా అడగొచ్చు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567. అర్జీ మోసుకెళ్ళడానికి, ఆ రోజు పక్కన నిలబడటానికి సంఘం నుంచి ఒక మనిషిని పంపండి, ఎక్కువమంది వెనకాడేది ఒంటరిగా వెళ్ళలేకే.

పక్కింటి హిందూ మామ్మగారు మమ్మల్ని కూడా వచ్చి కూర్చోమంటున్నారు. వెళ్ళొచ్చా, ప్రార్థన చెయ్యొచ్చా?

వెళ్ళండి. ఆవిడ అడిగితే చెయ్యండి, అడక్కపోతే వద్దు. దిగులులో ఉన్న మనిషి ఎవరు చెయ్యి చాపినా పట్టుకుంటుంది, ఆ సమయంలో మతం మార్చాలని చూడటం నా దృష్టిలో దొంగతనం లాంటిదే. మా వీధిలో ఒకావిడ ఇంటికి మేము వెళ్తే వాళ్ళ పూజగది చూపించి, పోయిన భర్త రోజూ ఎలా దీపం పెట్టేవాడో చెప్పింది. గంటసేపు విన్నాం. వచ్చేటప్పుడు పులిహోర పెట్టింది. నాతో వచ్చిన సిస్టర్ ప్రసాదమేమోనని తటపటాయించింది. నేను తిన్నాను, కాస్త ఉప్పు తక్కువైంది, అదే చెప్పాను. నెల రోజుల్లో మొదటిసారి ఆవిడ నవ్వింది.